చెత్త కాంట్రాక్టర్ మారాక మా సందులోకి బండి రావడం లేదు, ఎవరిని పట్టుకోవాలి?

మూలింటి మనిషి:

అందరికీ నమస్కారం. చెప్పుకుంటే చిన్న విషయమే, కానీ మూడు వారాలుగా ఇంట్లో ఇదే టెన్షన్. ఒకటో తారీఖు నుంచి మా మున్సిపాలిటీ చెత్త ఎత్తే పని వేరే కంపెనీకి ఇచ్చింది. అంతకు రెండు రోజుల ముందు గేటుకి ఒక కాగితం తగిలించి వెళ్లారు. పైన మెరుగైన సేవలు అని పెద్ద అక్షరాల్లో ఉంది, కింద ఒక ఫోన్ నంబరు ఉంది, బండి ఏ రోజు ఎన్నింటికి వస్తుందో మాత్రం ఎక్కడా లేదు.

మాది సందు చివరి ఇల్లు, అవతలికి దారి లేదు. పాత బండి డ్రైవరు పెద్ద రోడ్డు మీద ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి, రివర్స్‌లో లోపలికి వచ్చేవాడు. హెల్పరు వెనక నడుస్తూ బండి రేకు మీద అరచేత్తో తడుతూ రా, రా అనేవాడు, మా గోడ పక్క కరెంటు స్తంభానికి జానెడు దూరంలో ఒకే ఒక్క దెబ్బ గట్టిగా కొట్టేవాడు, బండి ఆగేది. ఇన్నేళ్లలో ఆ స్తంభానికి ఒక్కసారి కూడా తగల్లేదు. కొత్త బండి దానికంటే పొడుగ్గా, వెడల్పుగా ఉంది. మొదటి రోజు సందు మొదట్లో ఆగింది, ఇద్దరు దిగి లోపలికి చూశారు, ఏదో అనుకున్నారు, ఎక్కి వెళ్లిపోయారు. రెండో రోజు నుంచి ఆగడం కూడా లేదు.

కాగితం మీద నంబరుకి ఫోన్ చేస్తే కంప్లైంట్ రాసుకుంటున్నారు, మర్నాడు పొద్దున్నే 'మీ ఏరియాలో కలెక్షన్ పూర్తయింది' అని మెసేజ్ వస్తోంది. మొన్న ఆ మెసేజ్ వచ్చేసరికి నేను నిండిన డబ్బా పక్కనే నిలబడి ఉన్నాను.

నిన్న మూత తీస్తే అంచు కింద వరసగా తెల్ల పురుగులు. మా అమ్మాయి చూసి ఇక ఆ వైపుకే రావడం లేదు. పక్కింటాయన అందరి చెత్తా ఖాళీ స్థలంలో పోసి తగలబెట్టేద్దాం అంటున్నాడు, నేను ఎలాగో ఆపాను గానీ ఎన్నాళ్లు ఆపగలనో తెలీదు.

ఇది కొత్తలో అందరికీ ఉండేదేనా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందా? కంపెనీని అడగాలా, మున్సిపాలిటీని అడగాలా? ఎవరికైనా ఇలా జరిగి ఉంటే చెప్పండి.

చీపురుకట్ట:

సర్దుకుంటుంది అని మాకూ చెప్పారండి, ఆరు నెలలైంది. ఇప్పుడు మేమే సర్దుకున్నాం, డబ్బా మోసుకుని పెద్ద రోడ్డు దాకా వెళ్లి పెట్టి వస్తున్నాం. పాత కంపెనీ బాగా లేదని గోల చేసి మార్పించింది మా వీధివాళ్లే, అందుకని ఇప్పుడు ఎవరూ నోరెత్తరు. నా అనుభవంలో కంపెనీ ఏదైనా బండి వెనక ఉండేవాళ్లు ఒళ్లు వంచరు, అంతే కథ. కౌన్సిలర్ ఇంటి ముందు ఒక సంచి పెట్టి చూడండి, సాయంత్రానికల్లా బండి వస్తుంది. (సరదాకి అన్నాను, నిజంగా పెట్టేరు.)

పాత సూపర్‌వైజర్:

నేను ఈ పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, రెండుసార్లు కాంట్రాక్టు చేతులు మారడం లోపలి నుంచి చూశాను. ఒకసారి మేము వెళ్లిపోయిన కంపెనీ, ఇంకోసారి కొత్తగా వచ్చిన కంపెనీ. కాబట్టి రెండు పాపాల్లోనూ నాకు వాటా ఉంది.

మీ పోస్టులో అసలు సంగతి ఆ రేకు మీద తట్టే మనిషి. ఏ సందులోకి రివర్స్‌లో వెళ్లాలి, ఏ గేటు ఎన్నింటికి తెరుస్తారు, ఎక్కడ కొమ్మ కిందికి వాలి ఉంటుంది, ఏ వీధిలో బడి పిల్లలు వచ్చేలోపు పని అయిపోవాలి, ఇవన్నీ ఏ కాగితం మీదా ఉండవు. పాత డ్రైవరు, హెల్పర్ల బుర్రల్లో ఉంటాయి. టెండరు కాగితాల్లో వార్డులెన్ని, ఇళ్లెన్ని, రోజుకి ఎన్ని టన్నులు అని ఉంటుంది. కొత్త కంపెనీ వాటిని పట్టుకుని కంప్యూటర్‌లో రూట్లు గీస్తుంది. కంప్యూటర్‌కి మీ సందు ఒక గీత, అంతే. ఆ గీత చివర స్తంభం ఉందని దానికి తెలీదు.

ఇక బండ్ల సంగతి. టెండరు తేలేసరికి ఆలస్యమవుతుంది, ఓడిపోయిన కంపెనీ కోర్టుకు వెళితే ఇంకా ఆలస్యం. కానీ పాత కాంట్రాక్టు ముగిసే తారీఖు మాత్రం వెనక్కి జరగదు. చాసీ కొని, దాని మీద బాడీ కట్టించి, రిజిస్ట్రేషన్ చేయించడానికి నెలలు పడుతుంది. అందుకని మొదటి రోజుకి ఏ బండి దొరికితే ఆ బండి దింపుతారు, చాలాసార్లు వేరే ఊళ్లో వాడుతున్న పెద్ద కాంపాక్టర్లే తెచ్చి పెడతారు. కాంపాక్టర్ చెత్తని నొక్కి ఇరికిస్తుంది, ఒకే ట్రిప్పులో ఎక్కువ పడుతుంది, డీజిల్ కలిసొస్తుంది, కానీ సందులో తిరగదు. మీ దగ్గరికి వచ్చింది అదే అయి ఉంటుంది.

మూడోది ఎవరూ పట్టించుకోనిది. ఒక్క రోజు తప్పితే అది ఒక్క రోజుతో పోదు. బండికి నాలుగు వందల ఇళ్ల చెత్త పడుతుందనుకోండి. సోమవారం రాలేదు, మంగళవారం ఒక్కో ఇంట్లో రెండు రోజుల చెత్త ఉంటుంది, బండి రెండు వందల ఇళ్లకే నిండిపోతుంది. దించి రావడానికి డంపింగ్ యార్డుకో, మధ్యలో చెత్తని పెద్ద లారీల్లోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కో వెళ్లాలి, అక్కడ కాటా దగ్గర లైను ఉంటుంది, వెనక్కి వచ్చేసరికి డ్యూటీ టైము అయిపోతుంది. మిగిలిన రెండు వందల ఇళ్లు బుధవారానికి. బుధవారం బండి మళ్లీ రూటు మొదటి నుంచే మొదలుపెడుతుంది! దాంతో రూటు చివర ఉన్నవాళ్లకే రోజూ దెబ్బ. ఇది తెలిసిన సూపర్‌వైజర్ రెండు రోజులు రూటుని తలకిందులు చేసి చివరి నుంచి నడిపిస్తాడు, లేదా ఆదివారం అదనపు బండి వేసి బకాయి మొత్తం ఎత్తించేస్తాడు. తెలీనివాడు 'సర్దుకుంటుంది' అంటాడు. బకాయి ఎత్తకుండా దానంతట అది సర్దుకోదు.

తగలబెట్టడం మాత్రం అస్సలు వద్దు. ఆ పోగులో ప్లాస్టిక్ ఉంటుంది, పాత బ్యాటరీలు ఉంటాయి, స్ప్రే డబ్బాలు ఉంటాయి. లిథియం బ్యాటరీ నలిగి బండిలోనే మంటలు లేవడం నేను కళ్లారా చూశాను, నడిరోడ్డు మీద చెత్తంతా కుమ్మరించి ఆర్పాల్సి వచ్చింది.

రెండో అంతస్తు:

పైన చెప్పిన గేటు సంగతి మాకు అక్షరాలా జరిగింది. మా అపార్ట్‌మెంట్ వెనక గేటు తాళంచెవి ఒకటి పాత బండి డ్రైవరు దగ్గర ఉండేది, ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో కమిటీలో ఒక్కరికీ గుర్తులేదు. కంపెనీ మారాక కొత్తవాళ్లు గేటు దాకా వచ్చి, తాళం చూసి, 'ఇల్లు మూసి ఉంది' అని రాసుకుని పోతున్నారు. ముప్పై ఆరు ఫ్లాట్లు, రికార్డులో మాత్రం మూసి ఉన్న ఒక ఇల్లు. మేము వారం రోజులు కంపెనీని తిట్టాం, వాళ్లు వారం రోజులు మమ్మల్ని తిట్టుకుని ఉంటారు, చివరికి వాచ్‌మన్ చెప్తే తెలిసింది తాళం వల్లే అని.

ఇంకొకటి. మా పక్క బ్లాకులో మంచం దిగలేని పెద్దావిడ ఒక్కరే ఉంటారు. పాత హెల్పరు లోపలికి వెళ్లి వంటింటి పక్కనుంచి సంచి తెచ్చుకునేవాడు. అలాంటివాళ్ల లిస్టు ఒకటి ఉంటుందట, అది కొత్త కంపెనీకి అందలేదు. బయట పెట్టలేదు కాబట్టి ఎత్తలేదు అన్నది వాళ్ల లెక్క. మీ చుట్టుపక్కల పెద్దవాళ్లు గానీ, నడవలేనివాళ్లు గానీ ఉంటే ముందు వాళ్ల పేరు మీద కంప్లైంట్ పెట్టండి, వాళ్లు ఫోన్ చేసి అడగరు.

బండి వెనక మనిషి:

చీపురుకట్ట గారూ, ఒళ్లు వంచరు అన్నారు చూడండి, దానికి చెప్తున్నాను. నేను ఎనిమిదేళ్లు హెల్పర్‌గా చేశాను. కంపెనీ మారుతుందంటే మాకు మూడు నెలల ముందే తెలుస్తుంది, ఎలాగంటే అరిగిన టైరు మార్చరు, చిరిగిన గ్లౌజులు మార్చరు, హైడ్రాలిక్ లీకవుతుంటే కింద డబ్బా పెట్టి నడపమంటారు. వెళ్లిపోయేవాడు ఖర్చు పెట్టడు కదా. ఆ తర్వాత జీతం ఆలస్యమవుతుంది. ఆఖరి నెల జీతం, రావలసిన బకాయిలు పాత కంపెనీని అడిగితే మున్సిపాలిటీ బిల్లు రాలేదంటాడు, కొత్త కంపెనీని అడిగితే మీరెవరో నాకు తెలీదంటాడు.

మా దగ్గర సగం మందిని తీసుకున్నారు, సగం మందిని ఇంటికి పంపారు. తీసుకున్నవాళ్లని కూడా తెలిసిన రూట్లలో వెయ్యలేదు, కావాలనే మార్చారు, పాత అలవాట్లు పోవాలట. నాకు కొత్త ఏరియా ఇచ్చారు, చీకట్లో ఇళ్ల నంబర్లు కనపడవు, కుక్క ఏ గేటు వెనక ఉందో తెలీదు. మొదటి వారం రెండుసార్లు కరిపించుకున్నాను. ముగ్గురుండే బండికి ఇద్దర్నే ఇచ్చారు. ఒకడు డ్రైవింగ్, ఒకడు రెండు పక్కలా ఇళ్లు. ఎవరైనా రివర్స్‌లో తట్టడానికి ఉంటేగా సందులోకి వెళ్లేది? వెనక ఎవరూ లేకుండా బండి రివర్స్ చేస్తే చిన్న పిల్లలు చక్రాల కింద పడతారు, అందుకే డ్రైవర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మూలింటి వారూ, మీ పాత హెల్పర్ ఎక్కడున్నాడో కనుక్కోండి. ఉద్యోగం లేకుండా ఉంటే ఆ మాట మున్సిపాలిటీ వాళ్లకి గట్టిగా చెప్పండి.

చీపురుకట్ట:

తప్పే అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. ఇద్దరే ఉంటారన్న సంగతి నాకు నిజంగా తెలీదు.

లెక్కలు చూసేవాణ్ణి:

నేను బండ్లు ఎక్కలేదు గానీ ఇలాంటి బిల్లులు చూసే ఆఫీసులో పనిచేశాను. కాంట్రాక్టరుకి డబ్బులు దేని మీద ఇస్తున్నారో చూడండి, వాడి ప్రవర్తన మొత్తం అక్కడే తెలిసిపోతుంది. టన్నుకి ఇంత అని ఉంటే వాడికి బరువు కావాలి, మీ సందు చివర పది ఇళ్ల కంటే పెద్ద రోడ్డు మీద ఒక హోటలు ముద్దు. కాటాకి వెళ్లే ముందు మట్టి, ఇటుక ముక్కలు ఎత్తుకోవడం కూడా ఇందుకే. తేలికైన ప్లాస్టిక్, అట్టలు విడిగా ఎత్తాలంటే చిరాకు, బరువు రాదు. అదే ఇంటికి ఇంత అని ఉంటే ఇళ్ల లెక్క పెంచి చూపిస్తాడు, ఎత్తడంలో తగ్గిస్తాడు. ఏ పద్ధతిలోనైనా ఎత్తని ఇంటికి జరిమానా అనే షరతు ఉండి, దాన్ని ఎవరైనా నిజంగా వసూలు చేస్తేనే పని జరుగుతుంది. షరతు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. వసూలు చేసేవాళ్లే ఉండరు, ఎందుకంటే దానికి రుజువు కావాలి, ఆ రుజువు మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు.

మీకు పొద్దున్నే వస్తున్న మెసేజ్ జీపీఎస్ నుంచి వస్తుందని నా అనుమానం. బండి సందు మొదట్లోంచి వెళ్లిందంటే సిస్టమ్ ఆ వీధి అయిపోయినట్టే లెక్కేస్తుంది. జీపీఎస్‌కి బండి ఎక్కడుందో తెలుసు, డబ్బా ఖాళీ అయిందో లేదో తెలీదు. ఇంటి గోడకి స్టిక్కరు అంటించి స్కాన్ చేయించే పద్ధతి కాస్త నయమే అనుకున్నాం, ఒకచోట స్టిక్కర్లన్నీ ఫోటోలు తీసుకుని ఫోన్లోంచే స్కాన్ చేసుకుంటూ కూర్చున్నారు.

కాంట్రాక్టు మారినప్పుడు ఏం చేయాలో కొన్ని దేశాల్లో చట్టంలోనే రాశారు. బ్రిటన్‌లో 2006 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి పని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారితే మామూలుగా ఆ పనికే కేటాయించిన మనుషులు కూడా పాత జీతం, పాత షరతులతోనే మారిపోతారు. పనివాళ్ల మేలు కోసం తెచ్చిందే గానీ, రూటు తెలిసిన మనిషి బండి మీదే ఉంటాడన్నది మనకి కలిసొచ్చే లాభం. ఇంకో కొసన లెబనాన్ రాజధాని బీరూట్ ఉంది, అక్కడ 2015 జూలైలో చెత్త పారబోసే పెద్ద యార్డు మూతపడింది, ఎత్తే కంపెనీ కాంట్రాక్టూ అప్పుడే ముగిసింది, చెత్త ఎక్కడికి పోవాలో, ఎవరు ఎత్తాలో ముందే తేల్చుకోలేదు. వీధుల్లో చెత్త కొండలు లేచాయి, జనం వేలల్లో రోడ్డెక్కారు. మీ సందు అంత దూరం పోదులెండి, కానీ 'తర్వాత చూద్దాం' అనే జబ్బు ఒకటే.

మూలింటి మనిషి:

అందరికీ థాంక్స్, ఇంత లోతు ఉంటుందనుకోలేదు. సూపర్‌వైజర్ గారూ, కంప్లైంట్ ఎవరికి, ఎలా పెట్టాలో కాస్త చెప్తారా? రేపు మున్సిపల్ ఆఫీసుకి వెళ్దామనుకుంటున్నాను. ఈలోగా ఆ పురుగులకి ఏం చేయాలి?

పాత సూపర్‌వైజర్:

కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తూనే ఉండండి, కంప్లైంట్ నంబరు రాసుకోండి, కానీ అసలు కాగితం మున్సిపాలిటీకి ఇవ్వండి. మీరు పన్ను కట్టేది వాళ్లకి, కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది వాళ్లు. కంపెనీని అడగండి అని తోసేస్తే, కంపెనీతో మాకు ఏ ఒప్పందమూ లేదు, మీకే ఉంది అని మర్యాదగా చెప్పండి.

'మా వీధికి చెత్త బండి సరిగా రావడం లేదు' అని రాయకండి, అలాంటివి రోజుకి యాభై వస్తాయి, అన్నీ ఒక కట్టలోకి పోతాయి. సందు పేరు, ఇళ్లు ఎన్ని, ఏయే తారీఖుల్లో రాలేదు, ఆ రోజు మెసేజ్ ఎన్నింటికి వచ్చింది, అదే రోజు డబ్బా ఫోటో. మెసేజ్, ఫోటో పక్కపక్కన పెడితే చాలు, ఇంకేమీ వివరించక్కర్లేదు. సందు వెడల్పు టేపుతో కొలిచి రాయండి, నవ్వుకోకండి, నేను సీట్లో ఉన్నప్పుడు ఒక రిటైర్డ్ సర్వేయర్ గారు అలా కొలిచి ఇచ్చారు, మర్నాడే చిన్న బండి వేయాల్సి వచ్చింది, మా పెద్ద బండి వెడల్పు దానికంటే ఎక్కువని కాగితం మీదే తేలిపోయింది. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. మా సందుకి ఏ సైజు బండి కేటాయించారు, ఏ రోజు ఎన్నింటికి, తప్పితే ఎన్ని గంటల్లో తిరిగి వచ్చి ఎత్తాలని కాంట్రాక్టులో ఉంది. మూడోదానికి జవాబు రాతపూర్వకంగా వచ్చిందంటే మీ పని సగం అయిపోయినట్టే. అందరి సంతకాలతో ఒకటే ఇవ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

పురుగుల సంగతి: ఈగ గుడ్డు పెడితే వేడిగా ఉన్న రోజుల్లో ఒక రోజులోపే పిల్ల పురుగు వస్తుంది, వారం, పది రోజుల్లో మళ్లీ ఈగ. అంటే మీ డబ్బాలో ఇప్పటికే రెండో తరం నడుస్తూ ఉండొచ్చు. తడి చెత్తని నీళ్లు వంపేసి పాత పేపర్లో గట్టిగా చుట్టి, మూత బిగుసుకునే వేరే డబ్బాలో వేయండి. పొడి చెత్త నెల రోజులున్నా ఏమీ కాదు, రెండూ కలిస్తేనే ఈ గోలంతా. ఉన్న పురుగుల మీద మరిగే నీళ్లు పోయండి, డబ్బా కడిగి ఎండలో బోర్లించండి. పెరడు ఉంటే కూరగాయల తొక్కలు గుంటలో వేసి పైన ఎండుటాకులు, మట్టి కప్పండి, సగం బరువు అక్కడే తగ్గిపోతుంది.

రెండో అంతస్తు:

ఒక చిన్న మాట, బండి వచ్చే టైము మారిందేమో కూడా చూసుకోండి. మా దగ్గర పాతవాళ్లు ఏడింటికి వచ్చేవాళ్లు, కొత్తవాళ్లు ఐదుంబావుకి వచ్చి వెళ్లిపోతున్నారని సీసీ కెమెరాలో చూస్తే గానీ తెలీలేదు.

మూలింటి మనిషి:

పదకొండు రోజుల తర్వాత అప్‌డేట్. సందు మొదట్లో కొలిస్తే బాగానే ఉంది, స్తంభం దగ్గర మాత్రం ఏడడుగుల ఐదంగుళాలు. కొలుస్తుంటే పక్కింటాయన టేపు రెండో చివర పట్టుకున్నాడు, తగలబెడదామన్నాయనే. పద్నాలుగు ఇళ్ల సంతకాలతో కాగితం ఇచ్చాం. ఆఫీసులో మొదట కంపెనీకి ఫోన్ చేయమన్నారు, మెసేజ్‌లు, ఫోటోలు పక్కపక్కన చూపించాక కూర్చోమన్నారు.

నాలుగో రోజు చిన్న బండి వచ్చింది. పేరుకుపోయిన సంచులు ఒకేసారి ఎత్తలేక రెండు ట్రిప్పులు వేశారు. పాత హెల్పరు వేరే ఊరు వెళ్లిపోయాడట, దొరకలేదు. కొత్త కుర్రాడికి స్తంభం సంగతి నేనే చూపించాను, మొదటిసారి కాబట్టి రివర్స్‌లో నేనే రేకు మీద తట్టాను, చేయి మండింది. మూడో ఇంట్లో చూపు సరిగా లేని ఆవిడ ఉన్నారు, వాళ్ల పేరు లిస్టులో ఎక్కించమని విడిగా కాగితం ఇచ్చాను, అది ఇంకా తేలలేదు, ప్రస్తుతానికి మా అమ్మాయి వాళ్ల సంచి తెచ్చి పెడుతోంది.

బండి పొద్దున ఎనిమిదింటికి వస్తోంది. కలెక్షన్ పూర్తయింది అనే మెసేజ్ మాత్రం ఇప్పటికీ ఆరూ నలభైకే వస్తోంది.